నూట పన్నెండు దగ్గర ఆగిన బోర్డు

మా అయ్య సముద్రాన్ని తెడ్డుతో వినేవాడు. పడవ ఇంజను ఆపి, తెడ్డు ఆకును నీళ్ళలో ముంచి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. నీళ్ళలో గురక పెట్టినట్టు అరిచే గొరక చేపల గుంపు ఎటు ఉందో చెప్పేవాడు. ఆయన చెప్పినచోట వల వేస్తే పదిసార్లలో ఏడుసార్లు చేప పడేది. పడని మూడుసార్లూ తప్పు చేపలదేనని వాదించేవాడు. నా ఏడో ఏట ఒకసారి ఆ పిడిని నా చెవికి కూడా ఆనించాడు. నాకు చేపలేమీ వినపడలేదు. ఎక్కడో చాలా కింద ఒక మూలుగు మాత్రం ఉంది. ఆ మాటే చెప్పాను.

"అది సేప కాదే. సముద్రం," అన్నాడు అయ్య. "దూరంగా ఎక్కడో గాలి లేస్తే ఇలాగే మూలుగుతాది. నీ సెవి మంచిదే రత్నం."

ఆ మూలుగు మీదే నేను పాతికేళ్ళు బతికాను. దాని మీదే డాక్టరేటు తీసుకున్నాను, విశాఖపట్నంలో ఉద్యోగం సంపాదించాను, చివరికి గాలిచెవిని తయారుచేశాను. నా పూర్తి పేరు నూకరత్నం. కొన్నాళ్ళు పత్రికలవాళ్ళు నన్ను తుఫాను డాక్టరమ్మ అని రాశారు. ఇప్పుడు రాయడం మానేశారు, అంతవరకు నయం.

గాలిచెవి అంటే సముద్రం అడుగున నిలబెట్టిన నలభై ఉక్కు గొట్టాలు. ఒక్కో గొట్టం లోపల ఉల్లిపొరంత పల్చటి రేకు ఒకటి ఉంటుంది. మనిషి చెవికి అందని మూలుగుకు ఆ రేకు వణుకుతుంది. నలభై వణుకులనూ పక్కపక్కన పెట్టి లెక్క కడితే, ఇంకా పుట్టని తుఫాను కూడా ఎక్కడ పుడుతుందో, ఏ ఊరి దగ్గర ఒడ్డెక్కుతుందో తెలుస్తుంది. తొమ్మిది రోజుల ముందు, ఏడు కిలోమీటర్లు అటూ ఇటూగా.

మొదటిసారి అది పలికిన రోజు అయ్యను ప్రయోగశాలకు పిలిపించాను. ఉతికిన లుంగీ కట్టుకుని, చెప్పులు గుమ్మం బయటే వదిలి, ఏసీకి వణుకుతూ వచ్చాడు. మూలుగును మనిషి చెవికి వినపడేలా పెంచి, హెడ్‌ఫోన్లు ఆయన తలకు తగిలించాను. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు కదలలేదు.

"ఇది ఎప్పుడొస్తాది?"

"ఇంకా తొమ్మిది రోజులుంది."

"నాకయితే ఒక్క రోజు ముందు ఇనిపిస్తాది, అదీ గాలి పడిపోతేనే," అన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి రెండు చేతులతో నాకు అందించాడు. "నా తెడ్డుకన్న నీ తెడ్డు పొడుగు." ఆ తుఫాను నేను చెప్పిన రోజున, చెప్పిన ఊళ్ళోనే ఒడ్డెక్కింది. ఆ తర్వాత అయ్య నన్ను ఏ విషయంలోనూ కాదనలేదు. అది నాకు గర్వంగా ఉండేది.

ఇంత గొప్ప వస్తువు తయారయ్యాక ప్రభుత్వం ఎగిరి గంతేస్తుందనుకున్నాను. తీర హెచ్చరికల మండలివాళ్ళు టీ ఇచ్చి కూర్చోబెట్టి, అయిదేళ్ళు పరీక్షించాక ఆలోచిద్దాం అన్నారు. అప్పటిదాకా తమ పాత పద్ధతిలోనే, మూడు రోజుల ముందు, నాలుగు జిల్లాలకు కలిపి ఒకే హెచ్చరిక ఇస్తామన్నారు. గొట్టాలకు తుప్పు పడుతోంది, మా జీతాలకు దిక్కు లేదు. అప్పుడే పెట్రోలు కంపెనీ వచ్చింది.

కంపెనీ తరఫున వచ్చినాయన పేరు చక్రధర్. ధరల విభాగం అధిపతి. మెత్తగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వింటాడు. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. తుఫాను వస్తే రోడ్లు తెగుతాయి, టాంకర్లు ఆగిపోతాయి, బంకులు ఎండిపోతాయి, అంబులెన్సుకు కూడా చుక్క దొరకదు. తొమ్మిది రోజుల ముందే తెలిస్తే సరుకు ముందుగా చేర్చవచ్చు. "జనానికి మేలు, మాకూ మేలు, మీ గొట్టాలకూ మేలు," అన్నాడు. సంతకం పెట్టాను. ఒప్పందం ప్రకారం గాలిచెవి చెప్పేది కంపెనీకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు.

ఆ ఒక్క వాక్యాన్ని అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

మా ఊరు సన్నదిబ్బ. శ్రీకాకుళం తీరంలో ఒకవైపు సముద్రం, ఒకవైపు ఉప్పుటేరు, మధ్య రెండు వందల ఇళ్ళు. ఊరి మొదట్లో బంకు ఉంది. దాన్ని నడిపేది మా తమ్ముడు పోలారావు. మిగతా ఊళ్ళలోలా అది ఉత్త బంకు కాదు. ఊళ్ళో పడవలన్నీ ఇప్పుడు పెట్రోలు ఇంజన్లవే. పడవలతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు కూడా బంకు గదిలోనే ఉంటుంది. సముద్రం మీదున్న మగవాళ్ళ కబురు కావాలంటే ఆడవాళ్ళు బంకుకే వస్తారు.

మొదటి తుఫానుకు కంపెనీ మాట నిలబెట్టుకుంది. వారం ముందే టాంకరు వచ్చింది. పోలా సంబరపడిపోయి ఫోన్ చేశాడు. బంకు నడిపేవాడికి తుఫానంటే ఇంకో భయం కూడా ఉంటుంది. భూమిలో పాతిన టాంకు ఖాళీగా ఉండగా ఊట నీళ్ళు పొంగితే, అది కాంక్రీటు పగలగొట్టుకుని పైకి తేలుతుంది. నిండుగా ఉంటే ఆ బరువుకు అణిగి ఉంటుంది. అందుకని తుఫాను వస్తుందంటే వాడు కొలత కడ్డీ పట్టుకుని గంటకోసారి టాంకులో ముంచి చూస్తాడు. "ఈసారి కడ్డీ నిండా తడిసిందప్పా," అన్నాడు సంతోషంగా. మావైపు అక్కను అప్పా అనే పిలుస్తారు.

రెండో తుఫానుకు ధర లేచింది. అప్పటికే పెట్రోలు ధర గంటగంటకూ మారే రోజులు వచ్చేశాయి. ఏ బంకులో ఏ గంటకు ఎంత అన్నది కంపెనీ కంప్యూటరు నిర్ణయిస్తుంది, బంకు ముందు స్తంభం మీది బోర్డులో అంకె దానంతటదే మారుతుంది. చక్రధర్ ఆ కంప్యూటరును గాలిచెవికి కలిపాడు. తుఫాను ఒడ్డెక్కబోయే ఏడు కిలోమీటర్లలోనూ, అక్కడినుంచి పారిపోయే రోడ్ల మీదా తొమ్మిది రోజుల ముందునుంచే ధర మెల్లగా పెరగడం మొదలయ్యేది. నూట పన్నెండు, నూట పద్దెనిమిది, నూట ముప్పై. పక్క మండలంలో మాత్రం పాత ధరే.

మావాళ్ళు చదువుకోకపోయినా చూపు ఉన్నవాళ్ళు. రెండు తుఫాన్లతో సంగతి పట్టేశారు. "బోర్డు లేచింది" అంటే తుఫాను వస్తోందని అర్థం. బోర్డు లేస్తే పడవలు ఇసుక దిబ్బ వెనక్కి లాగేసేవాళ్ళు, వలలు చుట్టేసేవాళ్ళు, మేకలను అమ్మేసేవాళ్ళు. బోర్డు నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ తుఫాను వచ్చింది. మండలివాళ్ళ హెచ్చరిక వచ్చి బోర్డు లేవని సందర్భాలు రెండున్నాయి. ఆ రెండుసార్లూ పోలీసులు వచ్చి జనాన్ని లారీలెక్కించి తీసుకుపోయారు, ఆకు కదలలేదు. ఆ తర్వాత మండలి మెసేజి వస్తే మావాళ్ళు ఫోను జేబులో పెట్టుకుని, మెడ ఎత్తి బోర్డు వైపు చూసేవాళ్ళు.

పోలా ఇది నాకు నవ్వుతూ చెప్పాడు. "నీ మిషను గుట్టు రట్టయిపోనాదప్పా. అయ్య రోజూ పొద్దున్నే వొచ్చి బోర్డుకి దండం ఎట్టుకుంతన్నాడు." నేనూ నవ్వాను. లోపల ఎంత పొంగిపోయానో ఎవరికీ చెప్పలేదు. కంపెనీ నోరు నొక్కేసినా నా మాట మావాళ్ళకు చేరుతోంది కదా అనుకున్నాను. ఈ సంగతి నాకు ముందే తెలుసునని గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

నిరుటి తుఫానుకు అంకె రెండు వందల పద్నాలుగు దాకా పోయింది.

సన్నదిబ్బకు సరుకు కూడా రాలేదు. నాలుగు రోజులు నీళ్ళలో ఉండబోయే బంకులో పెట్రోలు పోయడం దండగ, పారిపోయేవాళ్ళు హైవే మీద కొంటారు కాబట్టి హైవే బంకులు నింపితే చాలని కంప్యూటరుకు తోచిందట. మావైపు బయల్దేరిన టాంకరు సగం దారిలో వెనక్కి తిరిగింది. ఆటోవాళ్ళు మనిషికి అయిదు వందలు అడిగారు. జనం పదకొండు కిలోమీటర్లు వానలో నడిచి తుఫాను షెల్టరు చేరారు. మా మేనత్త పెంటమ్మ నడవలేక కల్వర్టు మీద కూర్చుండిపోతే, ఇద్దరు మనుషులు ఆమెను వలలో వేసి మోసుకెళ్ళారు. పోలా టాంకు అడుగంటి ఉంది. తెల్లారేసరికి కాంక్రీటు పగలగొట్టుకుని బయటికి వచ్చి, బంకు ముందు పొర్లాడుతోంది.

"సేపల్ని పట్టే వలలో అత్తని మోసినాం," అన్నాడు పోలా ఫోన్లో. ఈసారి నవ్వలేదు. "తుఫానొస్తాదని ముందు తెల్సింది నీకు. ఆ తెలివి అమ్ముకున్నోడు మా జేబులో సెయ్యెట్టినాడు. నీకు సిగ్గుగా నేదా అప్పా?"

సిగ్గుగానే ఉంది. జూన్‌లో ఒప్పందం కొత్తది రాయాల్సి వచ్చినప్పుడు చక్రధర్ గదిలో కూర్చుని గొంతు పెంచాను. తీరం పక్కనున్న మూడు మండలాల్లో తుఫాను సమయంలో ధర పైసా కూడా పెంచకూడదు, టాంకులు ముందుగా నింపాలి, లేదంటే నలభై గొట్టాలూ పీకేస్తాను అన్నాను.

ఆయన పూర్తిగా విన్నాడు. కంప్యూటరులో ఏదో చూసుకున్నాడు. "మూడు మండలాలు కలిపి మా అమ్మకాల్లో అర శాతం లేవు మేడమ్. ఇచ్చేద్దాం. హైవే మీద రెండు రూపాయలు కలుపుకుంటే సరిపోతుంది."

అంత తేలిగ్గా ఇస్తాడని నేను అనుకోలేదు. సిద్ధం చేసుకుని వెళ్ళిన కోపం సగం మిగిలిపోయింది.

"ఒక్కటే షరతు," అన్నాడు. "ఇది బయటికి చెప్పకూడదు. ధర పెరగదని ముందే తెలిస్తే పక్క మండలాలవాళ్ళు డ్రమ్ములతో దిగుతారు. మీవాళ్ళకే చుక్క మిగలదు. మీ తమ్ముడికి కూడా చెప్పకండి. డీలరుకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే."

ఆ మాట కూడా న్యాయంగానే ఉంది. ఆయన మాటలన్నీ న్యాయంగానే ఉంటాయి. సంతకం పెట్టి, మెట్లు దిగుతూ నాలో నేనే మురిసిపోయాను. వచ్చే తుఫానుకు పోలా బోర్డు చూస్తాడు. అంకె కదలదు, టాంకు నిండుతుంది. వాడు ఆశ్చర్యపోయి ఫోన్ చేస్తాడు, అప్పా ఇది నీ పనేనా అంటాడు. నిరుడు వాడన్న మాటకు అదే నా జవాబు అనుకున్నాను. ఆ ఫోన్ కోసం అయిదు నెలలు ఎదురుచూశాను.

కార్తీక మాసంలో గాలిచెవి పలికింది. నలభై గొట్టాలూ ఒకేసారి వణికాయి. నా సర్వీసులో అంత లోతైన మూలుగు వినలేదు. లెక్క కట్టి చూస్తే పటం మీద నా వేలు సరిగ్గా సన్నదిబ్బ మీద పడింది. చక్రధర్‌కు పంపాను. పావుగంటలో జవాబు వచ్చింది: మూడు మండలాల్లో ధర నిలిపేశాం, టాంకర్లు బయల్దేరుతున్నాయి, కృతజ్ఞతలు.

మూడో రోజుకు సన్నదిబ్బకు రెండు టాంకర్లు వచ్చాయి. మా కుర్చీల్లో కూర్చుని తెర మీద ఆ టాంకర్ల గుర్తులు ఊళ్ళోకి వెళ్ళడం చూశాం. నేను స్వీట్లు తెప్పించి అందరికీ పంచాను.

మూడు రోజుల ముందు మండలి హెచ్చరిక కూడా వచ్చింది. ఇక భయం లేదనుకున్నాను. ఆ మూడు రోజులూ నిద్ర తిండి లేకుండా తుఫాను నడక కొలుస్తూ ఉన్నాను, అంతవరకు నిజమే. కానీ ఒక్క ఫోన్ చేయడానికి తీరిక లేదంటే అబద్ధం. వాడే చేస్తాడని చూస్తున్నాను. నేనే ముందు చేస్తే గొప్ప చెప్పుకున్నట్టుంటుందని ఆగాను.

తుఫాను ఒడ్డెక్కడానికి ముందు రోజు మధ్యాహ్నం ఇక ఆగలేక చేశాను.

"ఒరే పోలా, షెల్టరుకి ఎప్పుడు బయల్దేరతన్నారు?"

"షెల్టరేటప్పా? ఎందుకు?"

"రేపు పొద్దున్నకి తుఫాను నీ నెత్తి మీద ఉంటాది. మెసేజీలు రానేదా?"

"వొచ్చినాయి. ఆళ్ళు ప్రతి మబ్బుకీ మెసేజి ఎడతారు, నీకు తెల్దేటి. గాలి కూసింత ఉంది గానీ బోర్డు సూస్తన్నాను కదా, నూట పన్నెండే. వారం నుంచి పైసా కదల్నేదు."

వాడు ఇంకా మాట్లాడుతున్నాడు. కంపెనీకి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందనీ, అడక్కుండానే రెండు టాంకర్లు పంపిందనీ, పెట్రోలు చవగ్గా దొరికింది కాబట్టి ఊళ్ళో ఇరవైమూడు పడవలూ డ్రమ్ములు నింపుకుని దూరం వేటకు పోయాయనీ.

"బోర్డు నేనే ఆపించాన్రా," అన్నాను.

అవతల పంపు చప్పుడు ఆగింది.

"ఎప్పుడు?"

"జూన్‌లో. ధర పెరక్కూడదని అడిగి ఆపించాను. నిరుడు నువ్వు అన్నావు కదా..."

"నాకు సెప్పనేదేం?"

వాడు జవాబు కోసం ఆగలేదు.

"అయ్య సముద్రం మీదున్నాడప్పా," అన్నాడు. "నాలుగు రోజులైనాది. నిన్న సెట్టులో అడిగించినాడు, బోర్డు ఏటంతందిరా అని. నానే సెప్పినాను. నూట పన్నెండే అయ్యా, మరేం భయం నేదు అని నానే సెప్పినాను."

ఫోను పెట్టేయకుండానే వాడు వైర్‌లెస్ గదిలోకి పరుగెత్తినట్టున్నాడు. వాడు పడవల పేర్లు పిలవడం, మధ్యమధ్య బరబరమనే చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. తుఫాను మూలుగును నలభై గొట్టాలతో విన్న మనిషిని, మా తమ్ముడి గొంతు పగిలిపోవడం ఒక చిన్న ఫోనులో విన్నాను. ఎంతసేపు విన్నానో తెలియదు. మా ప్రయోగశాలలో పనిచేసే పిల్లలు వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి తుఫాను ఒడ్డెక్కింది. నేను చెప్పినచోటుకు రెండు కిలోమీటర్ల తేడా. గాలిచెవి చరిత్రలో అదే అన్నిటికన్నా కచ్చితమైన లెక్క.

రోడ్డు తెరిచాక వెళ్ళాను. బంకు టాంకు భూమిలోనే ఉంది. నిండుగా ఉండడంతో కదలలేదు. ఊరు సగం లేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళను పోలా ఆ మధ్యాహ్నమే చవక పెట్రోలు పోసి ట్రాక్టర్లలో షెల్టరుకు చేర్చాడు, వాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు. పడవలు పద్నాలుగు వచ్చాయి. తొమ్మిది రాలేదు. ఆ తొమ్మిదిలో ముప్పైయెనిమిది మంది ఉన్నారు. అందులో మా అయ్య ఒకడు.

తిరిగి వచ్చినవాళ్ళలో దానయ్య ఉన్నాడు. వరసకు మాకు మావయ్య. ఆయన పడవ ఒడ్డుకూ అయ్య పడవకూ మధ్యలో ఉంది. దూరపు పడవలకు సెట్టు అందదు కాబట్టి ఒకరి మాట ఒకరు అందించుకుంటారు. పోలా మాట అయ్యకూ, అయ్య మాట పోలాకూ అందించింది దానయ్యే. షెల్టరు వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. అరచేతులు తాడు కోసుకుని గుడ్డలు చుట్టి ఉన్నాయి. పక్కన గోడకు ఆనుకుని పోలా నిలబడ్డాడు.

"తుఫానుకి రెండు రోజుల ముందే ఇన్నాడమ్మా మీ అయ్య," అన్నాడు దానయ్య. "గాలి పడిపోయినప్పుడు తెడ్డేసి ఇన్నాడు. సముద్రం మూలుగుతంది దానయ్యా, గట్టిగా మూలుగుతంది అని సెట్టులో సెప్పినాడు. అయితే ఎల్లిపోదామా బావా అన్నాను నాను. మళ్ళీ ఆడే అన్నాడు..."

చెప్పమన్నాను. చెప్పకపోయినా బాగుండేది.

"నా సెవికి వయసైపోనాదిరా. రత్నం మిషను తప్పు సెప్పదు. బోర్డు ఏటంతందో పోలాగాడిని అడుగు అన్నాడు. నాను అడిగి సెప్పినాను. సరే అయితే, రత్నం కన్న నాకు తెల్సేటి, వలెయ్యండి అన్నాడు."

పోలా గోడ వదిలి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వాడి వెనక వెళ్ళడానికి లేచాను. దానయ్య వద్దన్నట్టు తల ఊపాడు.

పదిహేను రోజుల తర్వాత కంపెనీలో సమావేశం పెట్టారు. చక్రధర్ ముందుగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని, చాలా బాధగా ఉంది మేడమ్ అన్నాడు. నిజంగానే బాధపడ్డాడని నా నమ్మకం. ఆ తర్వాత తెర వెలిగించి, ధర నిలిపిన మూడు మండలాల్లో అమ్మకాలు నలభై శాతం పెరిగాయనీ, ఫిర్యాదు ఒక్కటీ లేదనీ, వచ్చే ఏడాది మరో ఆరు మండలాల్లో ఇదే పద్ధతి పెడతామనీ చెప్పాడు. పడవలవాళ్ళ డ్రమ్ములే ఆ నలభై శాతం.

"జనం బోర్డు చూసి ప్రాణాలు కాపాడుకుంటున్నారు," అన్నాను. "మీరు దాన్ని ఆపేశారు."

"బోర్డు చూస్తారని మా డేటాలో ఎక్కడా లేదు మేడమ్. మీకు తెలుసా?"

తెలుసన్నాను.

ఆయన మెత్తగానే అన్నాడు. "మేం మీరు అడిగిందే కదా చేశాం."

ఆ గదిలో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టేదాన్ని. ఒప్పందం రద్దు చేస్తానన్నాను. చేసుకోవచ్చు, కానీ తుప్పు పట్టిన పాతవాటి చోట ఇప్పుడున్న గొట్టాలు కంపెనీ డబ్బుతో వేసినవి, అవి పలుకుతూనే ఉంటాయి అన్నారు. బయటికి వచ్చి కారులో కూర్చున్నాక అయ్య నోట్లోంచి వచ్చిన ఆఖరి మాట గుర్తొచ్చింది. రత్నం కన్న నాకు తెల్సేటి. నన్ను అంత నమ్మినవాణ్ణి ఎందుకు నమ్మావని ఎలా అడగను? బిగ్గరగా ఏడ్చాను. వాచ్‌మన్ వచ్చి అద్దం తట్టాడు.

నెల గడిచాక దానయ్య ఫోన్ చేశాడు. మాటల్లో పడి, అయ్య దినం బాగానే జరిగిందమ్మా అన్నాడు. శరీరం దొరకలేదు కాబట్టి గడ్డితో బొమ్మ చేసి, దానికి ఆయన లుంగీ చుట్టి, తెడ్డు పక్కన పెట్టి కాల్చారట. ఆ దినం ఎప్పుడో నాకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పలేదన్న సంగతి దానయ్యకు తెలియదు. తెలిసే రాలేదనుకున్నాడు కాబోలు, నేనూ దిద్దలేదు.

మర్నాడు తెల్లవారుజామున గాలిచెవి మళ్ళీ పలికింది. డిసెంబరు తుఫాను. ఒడ్డెక్కేది సన్నదిబ్బకు ఆరు కిలోమీటర్ల ఉత్తరాన. ఇంకా తొమ్మిది రోజులుంది. ఎవరికీ చెప్పకూడదన్న కాగితాన్ని చించేసి, కారు తీసుకుని బయల్దేరాను.

మధ్యాహ్నానికి బంకు చేరాను. ఎండగా ఉంది. పంపు దగ్గర పోలాయే ఉన్నాడు. గడ్డం గీయించుకుని, గుండు మీద రుమాలు కట్టుకున్నాడు. నా ముందు రెండు ఆటోలున్నాయి. వరసలో నిలబడ్డాను. వెనక ఒడ్డున కొత్త పడవలకు రంగులు వేస్తున్నారు. మూడు పడవలు అప్పటికే నీళ్ళలోకి దిగి ఉన్నాయి.

నా వంతు వచ్చింది. కారు దిగాను. వాడు నా మొహం చూసి, మూత తీసి గొట్టం పెట్టాడు.

"పోలా," అన్నాను. "తొమ్మిది రోజుల్లో ఇంకోటి వస్తాది. ఆరు కిలోమీటర్లు ఉత్తరాన. బోర్డు చూడకండి. నేను చెబుతున్నాను. ఈసారి ఎవరు కాదన్నా అందరికీ చెబుతాను. పడవలు లాగించు."

వాడు మీటరు మీద నుంచి కళ్ళు తీయలేదు. పక్క ఆటోవాడు మాత్రం నావైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

"దానయ్య మావ పొద్దున్న తెడ్డేసి ఇన్నాడు," అన్నాడు పోలా. "ఏటీ నేదన్నాడు."

"తొమ్మిది రోజుల దూరంలో ఉన్నది తెడ్డుకు వినపడదురా. అయ్యకే ఒక్క రోజు ముందు..."

మీటరు ఆగింది. గొట్టం తీసి తగిలించాడు. మూత బిగించి, ఒలికిన చుక్కను గుడ్డతో తుడిచాడు. అన్ని కార్లకూ చేసినట్టే నా కారుకూ చేశాడు.

"లీటరు నూట పన్నెండు మేడమ్," అన్నాడు. "బిల్లు కావాలా?"

ఇమ్మన్నాను. వాడు చింపి ఇచ్చిన కాగితం తీసుకుని కారెక్కాను. వాడి చేతి నుంచి ఇక నాకు అందేది అదొక్కటే.